డాంటేకి సెకండరీ లైన్ ఎట్లా వేస్తున్నారు? మొన్న తిరునాళ్ళలో ఒక్క కేబుల్ తెగి 4 నిమిషాలు సౌండ్ పోయింది

హంద్రీ_గట్టు, కర్నూలు
శనివారం రాత్రి 11:42

అన్నలందరికీ నమస్తే. పదకొండేళ్ళుగా సౌండ్ పని చేస్తున్నా, డాంటేకి (మైకుల సౌండంతా నెట్‌వర్క్ కేబుల్‌లో పంపే పద్ధతి) వచ్చి మూడేళ్ళవుతోంది. మొన్న కోడుమూరు వైపు ఒక ఊళ్ళో తిరునాళ్ళ చేశాం. ఎఫ్ఓహెచ్‌లో, అంటే జనం వైపు మిక్సింగ్ చేసే చోట, యమహా క్యూఎల్5 మిక్సర్, స్టేజీ దగ్గర మైకులు కలిపే రియో 1608-డి2 పెట్టెలు రెండు, మధ్యలో ఒకే ఒక్క క్యాట్6 లైను, దాదాపు 85 మీటర్లు. రెండో రియోకి మొదటి రియో నుంచే డైసీ చైన్, అంటే ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులాగా. కేబుళ్ళు కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఏదీ లేదు.

బండ్లు దాటే చోట మట్టిలో గాడి తీసి కేబుల్ పెట్టి, పైన బేతంచెర్ల నాపరాయి పరిచాం. ఎన్నో ఏళ్ళుగా అట్లాగే చేస్తున్నాం, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు నీళ్ళ ట్యాంకర్ లాక్కుంటూ ట్రాక్టర్ దాని మీదుగా పోయింది. రాయి మధ్యకి విరిగి, విరిగిన అంచు గాడిలోకి దిగి కేబుల్‌ని కత్తితో కోసినట్టు కోసేసింది. నాకు క్యూఎల్ స్క్రీన్ మీద మీటర్లన్నీ ఒక్కసారిగా పడిపోవడం కనిపించింది, అంతే. స్పేర్ డ్రమ్ము తెచ్చి, జనం కాళ్ళ మధ్యలోంచే లాక్కుంటూ పోయి కలిపేసరికి 4 నిమిషాలు.

పాట ఆగిందని నాకు బాధ లేదు. సరిగ్గా ఆ ముందు నిమిషంలో ఒకామె ఏడుస్తూ వచ్చి, ఆరేళ్ళ పాప తప్పిపోయిందని చీటీ మీద పేరు రాయించి ఇచ్చింది. అనౌన్సర్ ఆ చీటీ పట్టుకుని మైకు దగ్గరికి పోయి నోరు తెరిచేసరికి సౌండ్ పోయింది. ఆ నాలుగు నిమిషాలూ ఆమె స్టేజీ మెట్ల దగ్గర నిలబడి మా వైపే చూస్తూ ఉంది. పాప దొరికింది, బొరుగుల అంగడి దగ్గర ఉండింది. కానీ ఆ చూపు నేను మరిచిపోలేకున్నా. అందుకే ఇంక సెకండరీ లైన్, అంటే ఒకటి తెగితే ఆదుకునే రెండో లైను, లేకుండా పెద్ద పని ఒప్పుకోకూడదనుకున్నా.

ఇంటికొచ్చాక ఒక గిగాబిట్ స్విచ్ కొన్నా. క్యూఎల్5 ప్రైమరీ, సెకండరీ రెండూ అందులో పెట్టా, రియోవి కూడా రెండు పోర్టులూ అందులోనే పెట్టా. స్విచ్ లైట్లన్నీ ఒకేసారి ఆగకుండా మెరవడం మొదలైంది, డాంటే కంట్రోలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పరికరాలు వస్తూ పోతూ ఉన్నాయి, సౌండ్ ముక్కలు ముక్కలు. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. రెండు కేబుళ్ళూ ఒకే పైపులో వేయొచ్చా అన్నది కూడా చెప్పండి.

అనంత_లైన్‌చెక్, అనంతపురం
ఆదివారం ఉదయం 6:15

బ్రదర్, పాప దొరికింది, అది చాలు.

తప్పు చిన్నదే. నీ మిక్సరూ రియోలూ ఇంకా డైసీ చైన్ మోడ్‌లోనే ఉన్నాయి. ఆ మోడ్‌లో వెనకున్న రెండు పోర్టులూ లోపల ఒక చిన్న స్విచ్‌లాగా కలిసే ఉంటాయి. అట్లాంటి రెండు పోర్టుల్నీ తీసుకుపోయి ఇంకో స్విచ్‌లో పెడితే చుట్టు ఏర్పడుతుంది, ఒక్క ప్యాకెట్ ఆ చుట్టులో ఆగకుండా తిరుగుతూ వందలు వేలు అవుతుంది. లైట్లు పిచ్చిగా మెరిసింది అందుకే.

క్యూఎల్‌లో డాంటే సెటప్‌కి పోయి సెకండరీ పోర్టును రిడండెంట్‌కి, అంటే రెండు పోర్టులూ రెండు విడి నెట్‌వర్కులయ్యే మోడ్‌కి, మార్చు. రియో రెండింటిలోనూ అదే చెయ్. అన్నిట్లోనూ మార్చాలి, ఒకటి మరిచిపోయినా మళ్ళీ ఇదే కథ. మార్చాక ఆఫ్ చేసి ఆన్ చెయ్. స్విచ్‌లు రెండు వైపులా ఒక్కో జత, అంటే మొత్తం నాలుగు కావాలి. ప్రైమరీ స్విచ్‌కీ సెకండరీ స్విచ్‌కీ మధ్య ఒక్క తీగ కూడా ఉండకూడదు.

హంద్రీ_గట్టు, కర్నూలు
ఆదివారం ఉదయం 7:02

నాలుగా? క్యూఎల్5 ఒక్కటే కదా ఎఫ్ఓహెచ్‌లో, నేరుగా రియోకి పెడితే కాదా?

అనంత_లైన్‌చెక్, అనంతపురం
ఆదివారం ఉదయం 7:10

రియో ఒకటే అయితే అవుతుంది, ప్రైమరీకి ప్రైమరీ, సెకండరీకి సెకండరీ నేరుగా పెట్టేయొచ్చు, స్విచ్చే అక్కరలేదు. నీకు రియోలు రెండున్నాయి, రిడండెంట్‌లో పెట్టాక డైసీ చైన్ కుదరదు కాబట్టి స్టేజీ దగ్గర రెండు స్విచ్‌లు తప్పవు. ఎఫ్ఓహెచ్‌లో ల్యాప్‌టాప్ కూడా పెట్టాలనుకుంటే అక్కడ ప్రైమరీకి ఒకటి కావాలి. కాబట్టి నీకు మూడు చాలు, నాలుగోది స్పేర్‌గా పెట్టుకో.

కడప_మైకుసెట్టు, కడప
ఆదివారం ఉదయం 9:48

హంద్రీ తమ్ముడూ, నీ పోస్టు రాత్రే చదివాను, పొద్దున తీరిగ్గా రాద్దామని ఆగాను. అనంతపురం తమ్ముడు చెప్పిన సెట్టింగులన్నీ సరైనవే, అవి అట్లాగే చెయ్. నేను చెప్పాలనుకున్నది వేరే. నువ్వు చివర్లో అడిగావే, రెండు కేబుళ్ళూ ఒకే పైపులో వేయొచ్చా అని. వేయకూడదు. మిగతా ప్రశ్నలన్నిటికన్నా ఇదే పెద్ద ప్రశ్న.

నిన్ను దెబ్బ తీసింది ట్రాక్టర్. రెండు కేబుళ్ళూ అదే గాడిలో, అదే నాపరాయి కింద ఉండుంటే అదే రాయి రెండింటినీ కోసుండేది. డబ్బు రెట్టింపు పెట్టి అదే నాలుగు నిమిషాలు కొనుక్కున్నట్టు అవుతుంది. ప్రైమరీ ఎడమ వైపు వస్తే సెకండరీ కుడి వైపు రావాలి, మధ్యలో జనం ఉండాలి. కుదరకపోతే ఒకటి నేల మీద, ఇంకోటి పందిరి గుంజలకు కట్టుకుంటూ పైన. నేను ఉరుసు పనులకు పోయేటప్పుడు సందుల్లో రెండు దార్లు దొరకవు, అప్పుడు ఒకటి మిద్దె పిట్టగోడల మీద నుంచి తెస్తాను, ఆ ఇళ్ళవాళ్ళను ముందురోజే అడిగిపెట్టుకుంటాను. దూరం ఎక్కువవుతుంది, పోనీ. రాగి కేబుల్‌కి స్విచ్ నుంచి స్విచ్‌కి 100 మీటర్లే హద్దు అన్నది మాత్రం గుర్తుంచుకో. నీది నేరుగా 85 ఉంటే చుట్టు తిరిగి వచ్చేది 100 దాటుతుంది, దాని సంగతి కింద చెప్తాను.

రెండోది కరెంటు. డాంటే రిడండెన్సీ అంటే ఒకే ఆడియో రెండు నెట్‌వర్కుల మీద ఒకేసారి పోతూ ఉంటుంది, అవతలి పరికరం రెండిట్నీ ఎప్పుడూ వింటూనే ఉంటుంది, ఒకదానిలో రాని ప్యాకెట్ ఇంకోదాంట్లోంచి తీసుకుంటుంది. మారడానికంటూ సమయం పట్టదు, టక్కుమని శబ్దం కూడా రాదు. ఇంత గొప్ప ఏర్పాటు చేసి, స్టేజీ దగ్గర స్విచ్‌లు రెండిట్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే, ఆ బాక్సు ప్లగ్గు ఎవరి కాలికో తగిలి ఊడితే ఏమవుతుంది? రెండూ ఒకేసారి పోతాయి. నేను కళ్ళారా చూశాను. పూలదండలు కట్టేవాడు నిచ్చెన జరుపుకుంటూ బాక్సును పక్కకు తోశాడు, అంతే.

కాబట్టి ప్రైమరీ స్విచ్ ఒక యూపీఎస్ మీద, సెకండరీ స్విచ్ ఇంకో యూపీఎస్ మీద, ఆ యూపీఎస్‌లు వేరు వేరు ఫేజుల మీద. స్విచ్‌కి పట్టే కరెంటు చాలా తక్కువ, చిన్న యూపీఎస్ అయినా జనరేటర్ మార్చేంతసేపు హాయిగా ఆగుతుంది. నీ డి2 రియోలకు పవర్ సప్లైలు రెండేసి ఉంటాయి, వెనక రెండు కరెంటు సాకెట్లు. చాలామంది రెండోదానికి తీగే పెట్టరు. పెట్టు, అది కూడా వేరే లైను మీద.

మూడోది, నేను చాలా బాధపడి నేర్చుకున్నది. ఈ ఏర్పాటులో ఒక లోతైన ప్రమాదం ఉంది. సెకండరీ పోయినా నీకు వినపడదు. ప్రైమరీ మీద సౌండ్ బ్రహ్మాండంగా వస్తూనే ఉంటుంది కాబట్టి అంతా బాగుందనుకుంటావు. నా సెకండరీ ఒక సీజన్‌లో ఎన్ని ప్రోగ్రాములు చచ్చిపోయి ఉండిందో ఈరోజుకీ నాకు తెలియదు. ప్రైమరీ పోయిన రోజే తెలిసింది. అందుకని ప్రతి ప్రోగ్రాముకీ లైన్ చెక్‌లో, అంటే మొదలయ్యే ముందు చేసే పరీక్షలో, పాట పెట్టి, స్టేజీ మీద మనిషిని నిలబెట్టి, ప్రైమరీ కేబుల్ నా చేత్తో పీకుతాను. పాట ఆగకూడదు. మళ్ళీ పెట్టి, కంట్రోలర్‌లో ప్రైమరీ పూర్తిగా కుదుటపడిందాకా ఆగి, సెకండరీ పీకుతాను. పాట ఆగకూడదు. ఆ తర్వాత ప్రైమరీ స్విచ్ కరెంటు తీసేస్తాను, అది పెట్టి సెకండరీ స్విచ్‌ది తీసేస్తాను. ఐదు నిమిషాల పని. కమిటీ వాళ్ళు పక్కన నిలబడి ఏం చేస్తున్నావు సామీ అని కంగారు పడతారు, పడనీ.

100 మీటర్లు దాటితే ఫైబర్‌కి, అంటే గాజుతీగ కేబుల్‌కి పో. రాగిని ఫైబర్‌కి మార్చే చిన్న మీడియా కన్వర్టర్లు కాకుండా ఫైబర్ స్లాట్ ఉన్న స్విచ్‌లే కొను. కన్వర్టర్లకు ఉండే ఆ చిన్న అడాప్టర్లు వదులై ఊడిపోతాయి, పోయేచోట్లు ఇంకో రెండు పెంచుకున్నట్టవుతుంది. ఫైబర్‌తో ఇంకో లాభం కూడా ఉంది. ఎఫ్ఓహెచ్‌కి ఒక జనరేటరు, స్టేజీకి ఇంకో జనరేటరు పెట్టినచోట రెండు ఎర్తులకూ తేడా ఉంటుంది, షీల్డ్ ఉన్న రాగి కేబుల్ వేస్తే ఆ తేడా కరెంటు షీల్డులోంచి పోతుంది. గాజుతీగలో కరెంటు పారదు.

నంద్యాల_32, నంద్యాల
ఆదివారం మధ్యాహ్నం 1:20

కడప అన్నా, మీ పోస్టు ఫోన్‌లో దాచుకున్నా. నాది చిన్న సెట్టు, బెరింజర్ ఎక్స్32 మిక్సరు, ఎస్16 స్టేజ్ బాక్సు ఒకటి. వెనక ఈ రెండిట్నీ కలిపే ఏఈఎస్50 పోర్టులు ఏ, బీ అని రెండు ఉన్నాయి కదా. రెండింటికీ కేబుల్ వేసి పెడితే ఒకటి పోతే ఇంకోటి తీసుకుంటుందా?

అనంత_లైన్‌చెక్, అనంతపురం
ఆదివారం మధ్యాహ్నం 1:55

తీసుకోదు. ఏ, బీ అంటే ఒకదానికొకటి బ్యాకప్ కాదు. ఒక్కోటి 48 ఛానెళ్ళ వేరే వేరే లింకు. ఎస్16 మీద ఏ పోర్టు మిక్సర్ వైపుకి, బీ పోర్టు తర్వాతి స్టేజ్ బాక్సుకి అన్నట్టు. ఇంకోటి, ఏఈఎస్50 కేబుల్‌ని మామూలు నెట్‌వర్క్ స్విచ్‌లో పెడితే పని చేయదు, అది ఐపీ నెట్‌వర్కే కాదు. డాంటే పద్ధతులు దానికి పట్టించకండి.

కడప_మైకుసెట్టు, కడప
ఆదివారం మధ్యాహ్నం 2:30

నంద్యాల తమ్ముడికి: తనంతట తాను మారే ఏర్పాటు లేకపోయినా చేత్తో మార్చే ఏర్పాటు చేసుకోవచ్చు, చిన్న సెట్టుకి అది చాలా మంచిది. రెండో కేబుల్‌ని ముందే వేరే దారిలో వేసి, రెండు చివరలూ పోర్టుల పక్కనే టేపుతో అంటించి పెట్టుకో. స్టేజీ దగ్గర ఒక కుర్రాడికి నేర్పించు, అటు అతను ఇటు నువ్వు ఒకేసారి ప్లగ్గు మార్చాలి. నాలుగు నిమిషాల పని పది పదిహేను సెకన్లకు వస్తుంది. ఇంటి దగ్గర పదిసార్లు చేయించు, చీకట్లో కూడా చేయించు. ఏఈఎస్50కి షీల్డ్ ఉన్న క్యాట్5ఈ, రెండు చివరలా లోహపు ఈథర్‌కాన్ ప్లగ్గు ఉండేదే వాడు. షీల్డు ప్లగ్గుకి సరిగ్గా తగలకపోతే స్టాటిక్ దెబ్బకు ఉత్త పుణ్యానికి సౌండ్ తెగుతుంది. ఎండాకాలం మన పొడి గాలికి అది ఇంకా ఎక్కువ.

ప్రొద్దుటూరు_ఆర్కెస్ట్రా, ప్రొద్దుటూరు
ఆదివారం సాయంత్రం 5:05

నేను కొంచెం వేరేగా చెప్తా, కోపం తెచ్చుకోకండి. మా పెళ్ళిళ్ళ పనులకు ఇచ్చే డబ్బులకి స్విచ్‌లు మూడు, యూపీఎస్‌లు రెండు, కేబుళ్ళు రెట్టింపు, వేసే మనుషులు ఇద్దరు ఎక్కువ... ఎక్కడి నుంచి వస్తుంది? ఇరవై ఏళ్ళు మల్టీకోర్ (ఒక్కో మైకుకి ఒక్కో తీగ ఉండే కేబుల్) ఒక్కటే వేసి చేశాం, లావు కేబుల్, ట్రాక్టర్ కాదు కదా లారీ పోయినా ఒకటో రెండో లైన్లు పోయేవి, మిగతావి పలికేవి. ఉన్న ఒక్క లైన్‌నే మంచి దారిలో, మంచి కేబుల్‌తో, రబ్బరు కేబుల్ ర్యాంప్ కింద వేస్తే సగం సమస్యలు ఉండవు. నాపరాయి వాడటమే అసలు తప్పు అనిపిస్తోంది నాకు.

హంద్రీ_గట్టు, కర్నూలు
ఆదివారం సాయంత్రం 5:40

నాపరాయి విషయంలో మీరన్నది నిజం అన్నా. మా ఊళ్ళ వైపు ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది కాబట్టి వాడుకుంటూ వచ్చాం. అది బరువుని మోస్తుంది కానీ వంగదు, విరిగితే అంచు కత్తే. ఈరోజే రెండు రబ్బరు ర్యాంపులకు చెప్పి వచ్చా.

కడప_మైకుసెట్టు, కడప
ఆదివారం రాత్రి 8:12

ప్రొద్దుటూరు తమ్ముడూ, కోపం ఎందుకు, నువ్వు చెప్పిన మల్టీకోర్ మాటలో పెద్ద సత్యం ఉంది. పాత అనలాగ్‌లో దెబ్బ తగిలితే కొంచెం పోయేది, ఇప్పుడు దెబ్బ తగిలితే మొత్తం పోతుంది. 32 మైకులూ, మెయిన్ స్పీకర్ల ఫీడూ, మానిటర్లూ అన్నీ చిటికెన వేలంత కేబుల్‌లో పోతున్నాయి. అందుకే దానికి తోడు కావాలంటున్నాను.

పెళ్ళికి డాంటే సెకండరీ వద్దులే, ఒప్పుకుంటాను. దానికి బదులు రెండే రెండు మామూలు ఎక్స్ఎల్ఆర్ మైకు లైన్లు ఎఫ్ఓహెచ్ నుంచి స్టేజీకి వెయ్, పాత మల్టీకోర్ ఉంటే అందులో రెండు లైన్లు చాలు. మిక్సర్ సొంత అవుట్‌పుట్ నుంచి తీసి స్పీకర్ల ప్రాసెసర్‌కి వాడకుండా ఉన్న అనలాగ్ ఇన్‌పుట్‌లో పెట్టు. ఎఫ్ఓహెచ్‌లోనే ఒక వైరు మైకు, మిక్సర్ వెనక సొంత ఇన్‌పుట్‌లో. నెట్‌వర్క్ మొత్తం పోయినా ఆ ఒక్క మైకు మెయిన్ స్పీకర్లలో పలకాలి.

ఇది హంద్రీ తమ్ముడికీ చెప్తున్నా, సెకండరీ వేసినా సరే ఇది వదలకు. నెట్‌వర్క్ బ్యాకప్ నెట్‌వర్క్‌ని కాపాడుతుంది, కానీ ఎవరో సబ్‌స్క్రిప్షన్లు, అంటే ఏ ఛానెల్ ఎక్కడికి పోవాలన్న సెట్టింగులు, చెరిపేస్తే ప్రైమరీలో, సెకండరీలో రెండింట్లోనూ చెరిగిపోతాయి. జనం వేలల్లో ఉన్నచోట సౌండ్ అంటే పాట ఒక్కటే కాదు. పిల్లలు తప్పిపోతే పేరు చదివేది అందులోనే, తోపులాట అయితే అటు పోవద్దు ఇటు రండి అని చెప్పేది అందులోనే. క్యూఎల్5 వెనక 32 ఇన్‌పుట్‌లు ఉన్నాయి, ఒకటి దీనికి రాసిపెట్టు.

ఎమ్మిగనూరు_నెట్, ఎమ్మిగనూరు
ఆదివారం రాత్రి 10:30

నేను సౌండ్ వాణ్ణి కాను, నెట్‌వర్క్ పని. మా అన్న సౌండ్ సెట్టుకు నేనే నెట్‌వర్క్ చూస్తా కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా.

స్విచ్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది, కరెంటు ఆదా చేసే గ్రీన్ ఈథర్నెట్, అంటే ఈఈఈ అన్నది ఉందా, ఉంటే ఆపడానికి వీలుందా అని. అది కాసేపు ట్రాఫిక్ లేకపోతే పోర్టుని నిద్రపుచ్చుతుంది, లేచేసరికి అన్ని పరికరాల్నీ ఒకే తాళంలో ఉంచే క్లాక్ టైమింగ్ పాడవుతుంది, డాంటే క్లాక్‌కి అది పడదు. సెట్టింగులు మార్చుకునే రకం మేనేజ్డ్ స్విచ్ అయితే ఆపేయొచ్చు. రెండోది క్యూఓఎస్, అంటే ఏ ప్యాకెట్ ముందు పోవాలన్న వరస. డాంటే తన ప్యాకెట్ల మీద డీఎస్‌సీపీ అనే ప్రాధాన్యపు గుర్తులు వేసి పంపుతుంది, క్లాక్‌కి 56, ఆడియోకి 46. స్విచ్‌లో కఠిన ప్రాధాన్యం పెట్టి 56ని అన్నిటికన్నా పైన, 46 దాని కింద పెట్టాలి. మీ చిన్న నెట్‌వర్కులో ఆడియో తప్ప ఇంకేమీ లేకపోతే ఇది లేకపోయినా నడుస్తుంది, కానీ ఎవరో ల్యాప్‌టాప్ పెట్టి పెద్ద ఫైలు కాపీ చేసిన రోజు తేడా తెలుస్తుంది.

అడ్రసుల గురించి. ఐపీలు తమంతట తాము తీసుకునేలా వదిలేస్తే ప్రైమరీ పరికరాలకు 169.254తో మొదలయ్యేవి వస్తాయి, సెకండరీకి 172.31తో మొదలయ్యేవి. ఇది చాలా పనికొస్తుంది. కంట్రోలర్‌లో ఏ పోర్టుకి ఏ అడ్రసు వచ్చిందో ఒక్కసారి చూసుకుంటే ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఒకే స్విచ్‌లో వీల్యాన్ చేసి, అంటే దాన్ని లోపలే రెండుగా విడగొట్టి, సగం పోర్టులు ప్రైమరీకి, సగం సెకండరీకి ఇవ్వొచ్చు కదా అని అడుగుతారు. ఇవ్వొచ్చు, పని చేస్తుంది. కేబుల్ తెగితే కాపాడుతుంది. స్విచ్ పోతే కాపాడదు, దాని కరెంటు పోయినా కాపాడదు. కడప అన్న చెప్పిన లెక్కే.

ట్యాబ్‌తో మిక్సింగ్ చేయడానికి వైఫై రౌటర్ పెట్టుకుంటారు చూడండి, దాన్ని రెండు స్విచ్‌లకూ కలిపారో, ప్రైమరీ సెకండరీ ఒకటైపోయి ఇన్ని తిప్పలూ వృథా. క్యూఎల్‌కి దానికోసం విడిగా నెట్‌వర్క్ అనే పోర్టు ఉంది, రౌటర్ అందులోనే పెట్టండి.

ధర్మవరం_కుర్రోడు, ధర్మవరం
సోమవారం ఉదయం 8:20

అన్నా ఒక డౌటు. మేం డాన్స్ ట్రాకులు ల్యాప్‌టాప్‌లోంచి డాంటే వర్చువల్ సౌండ్‌కార్డు అనే సాఫ్ట్‌వేర్‌తో వేస్తాం. దానికి సెకండరీ ఎట్లా ఇవ్వాలి? ల్యాప్‌టాప్‌కి ఇంకో యూఎస్‌బీ ల్యాన్ పెడితే?

ఎమ్మిగనూరు_నెట్, ఎమ్మిగనూరు
సోమవారం ఉదయం 8:45

ఇవ్వలేం. వర్చువల్ సౌండ్‌కార్డు రిడండెన్సీ చేయదు, ప్రైమరీలోనే ఉంటుంది. రెండో ల్యాన్ పెట్టుకుంటే కంట్రోలర్‌లో సెకండరీ నెట్‌వర్క్‌ని కూడా చూసుకోవచ్చు, అంతవరకే. అట్లాగే 100 మెగాబిట్‌తో నడిచే చిన్న పరికరాలు, ఏవియో అడాప్టర్ల లాంటివి, వాటికి ఒకే పోర్టు కాబట్టి సెకండరీ ఉండదు. నీ సెట్టులో వేటికి రెండో దారి లేదో ముందే కాగితం మీద రాసిపెట్టుకో.

అనంత_లైన్‌చెక్, అనంతపురం
సోమవారం ఉదయం 9:10

దానికి ఒక ఉపాయం. ల్యాప్‌టాప్‌ని మిక్సర్ పక్కనున్న ప్రైమరీ స్విచ్‌లోనే పెట్టు, స్టేజీ దగ్గర స్విచ్‌లో పెట్టకు. అప్పుడు మధ్యలో ప్రైమరీ లైను తెగినా ల్యాప్‌టాపూ మిక్సరూ ఇంకా ఒకే స్విచ్ మీద ఉంటాయి, ట్రాకు మిక్సర్‌కి వస్తుంది, మిక్సర్ నుంచి సెకండరీ మీదుగా స్టేజీకి పోతుంది. క్లాక్ కూడా మిక్సర్ దగ్గరే ఉండేలా, క్యూఎల్‌నే ప్రిఫర్డ్ లీడర్‌గా, అంటే మిగతావి అనుసరించే క్లాక్‌గా, పెట్టుకుంటే మంచిది. ఇంకా భయమైతే అవే ట్రాకులు ఫోన్‌లో వేసుకుని మిక్సర్ సొంత ఇన్‌పుట్‌కి ఒక వైరు పెట్టుకో. మొన్న కదిరి వైపు ఒక ప్రోగ్రాంలో అదే ఆదుకుంది నన్ను.

హంద్రీ_గట్టు, కర్నూలు
గురువారం రాత్రి 9:30

అన్నలూ, చెప్పినవన్నీ షెడ్డులో వేసి చూశా, ఏం జరిగిందో వివరంగా రాస్తా, ఇంకొకరికి పనికొస్తుంది.

మూడు మేనేజ్డ్ స్విచ్‌లు తెచ్చి ఈఈఈ ఆపాం. క్యూఎల్, రియోలు అన్నీ రిడండెంట్‌కి మార్చి ఆఫ్ ఆన్ చేశాం. ప్రైమరీ కేబుళ్ళన్నిటికీ ఎర్ర టేపు, సెకండరీకి నీలం టేపు, స్విచ్‌లకు కూడా అదే రంగు అంటించాం. చీకట్లో టార్చి వేస్తే ఎర్ర దాంట్లో నీలం ఉందేమో చటుక్కున కనపడాలని.

పాట పెట్టి ఎర్రది పీకా. ఏమీ కాలేదు. నిజంగా ఏమీ కాలేదు, చిన్న టిక్కు కూడా లేదు. మా వాళ్ళు పీకావా లేదా అని అడిగారు. మళ్ళీ పెట్టి, ఆగి, నీలం పీకా, పాట నడిచింది. అందరం సంతోషపడ్డాం. అసలు లైను 85 మీటర్లది, షెడ్డులో వేసినవి మాత్రం 5 మీటర్ల ముక్కలు కదా, డ్రమ్ముల మీదున్న పెద్ద కేబుళ్ళతో కూడా చూద్దామని మా తమ్ముడు అన్నాడు. అక్కడ బయటపడింది. నీలం డ్రమ్ము పెట్టాక ఎర్రది పీకితే సౌండ్ ముక్కలు ముక్కలుగా వచ్చింది. కంట్రోలర్‌లో నెట్‌వర్క్ స్టేటస్ పేజీ తీసి చూస్తే ప్రైమరీ దగ్గర 1 గిగాబిట్, సెకండరీ దగ్గర 100 మెగాబిట్ అని ఉంది. స్విచ్ మీద కూడా ఆ పోర్టు లైటు రంగు వేరుగా ఉంది, మాకే తెలియక పట్టించుకోలేదు.

టేబుల్ లైటు కింద ప్లగ్గు పెట్టి చూశాం. ఎనిమిది తీగల్లో చివరిది, గోధుమరంగుది, ప్లగ్గు కొన దాకా చేరలేదు. గోరంత కంటే తక్కువ తేడా, పిన్ను దాని మీద పడకుండా పక్కన గాల్లో దిగింది. 100 మెగాబిట్‌కి నారింజ, ఆకుపచ్చ జతలు రెండూ చాలు కాబట్టి లింకు లైటు వెలిగింది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి కాబట్టి అంతవరకు ఎక్కలేదు. ఆ చివర కోసి కొత్త ప్లగ్గు కొట్టాం, రెండు వైపులా టెస్టర్ పెట్టి ఎనిమిది లైట్లూ వరసగా వెలిగేదాకా చూశాం. ఇప్పుడు రెండూ గిగాబిట్.

షెడ్డులో ముక్క కేబుళ్ళతోనే సరిపెట్టుకుని ఉంటే ఈ నీలం డ్రమ్ము ఎక్కడో ప్రోగ్రాంలో, సరిగ్గా కావలసినప్పుడు మోసం చేసుండేది.

కడప_మైకుసెట్టు, కడప
గురువారం రాత్రి 10:05

బంగారం లాంటి పని చేశావు తమ్ముడూ, నీ తమ్ముడికి నా తరఫున శభాష్ చెప్పు. రెండు మాటలు. మైదానంలో ప్లగ్గు కొట్టడం మానేసి, ఈథర్‌కాన్ బిగించిన కేబుళ్ళే డ్రమ్ముల మీద పెట్టుకో, మామూలు ఆర్‌జే45 మీద ఉండే ఆ ప్లాస్టిక్ నాలుక రెండు ప్రోగ్రాములకే విరిగిపోతుంది, ఆ తర్వాత దాన్ని ఆపేది ఏదీ ఉండదు.

ఇంకోటి ఎండ. మనకు ఏప్రిల్, మేలో 42, 43 డిగ్రీలు మామూలు. మామూలు స్విచ్‌లకు కంపెనీ రాసే హద్దు చాలావాటికి 40, కొన్నిటికి 50. నల్ల ర్యాక్ పెట్టెలో మూత వేసి మధ్యాహ్నం ఎండలో పెడితే లోపల వేడి ఆ హద్దు దాటిపోతుంది. ఒంటిమిట్ట కల్యాణం లాంటివి రాత్రి జరుగుతాయి, కానీ మనం వైర్లు వేసేది పగలే కదా. స్టేజీ కింద నీడలో, వెనక మూత తీసి, చిన్న ఫ్యాను పెట్టు. ప్రైమరీ స్విచ్ ఒక ర్యాకులో, సెకండరీ ఇంకో ర్యాకులో ఉంటే వేడి రెండింటినీ ఒకేసారి పట్టుకోదు.

ప్రొద్దుటూరు_ఆర్కెస్ట్రా, ప్రొద్దుటూరు
శుక్రవారం ఉదయం 7:30

నేను కూడా నిన్న ఒక పెళ్ళికి కడప అన్న చెప్పిన రెండు ఎక్స్ఎల్ఆర్ లైన్లు వేశా, పాత మల్టీకోర్‌లోవే. పావుగంట పని. ఖర్చు ఏమీ లేదు, ఇన్నాళ్ళు ఎందుకు వేయలేదా అనిపించింది. హంద్రీ బ్రదర్, నీ టెస్టర్ ఎలాంటిదో చెప్పు, నాది లైటు ఒకటే వెలుగుతుంది, తీగలు విడివిడిగా చూపదు.

హంద్రీ_గట్టు, కర్నూలు
సోమవారం ఉదయం 6:50

నిన్న రాత్రి ఆదోని దగ్గర ప్రోగ్రాం అయింది. ఎర్రది రోడ్డు వైపు నుంచి రబ్బరు ర్యాంపు కింద, నీలంది గుడి వెనక నుంచి గోడ మీదుగా తెచ్చాం. చుట్టు తిరిగితే 130 మీటర్లు అయింది, అందుకని నీలం వైపు ఫైబర్ బాడుగకు తెచ్చి వేశా. సాయంత్రం లైన్ చెక్‌లో నాలుగు పీకుళ్ళూ పీకాం, కరెంటు కూడా తీసి చూశాం. అనౌన్స్‌మెంట్ మైకు మిక్సర్ పక్కనే, మీరు చెప్పినట్టే అనలాగ్‌లో. రాత్రి తొమ్మిదికి ముగ్గురు పిల్లల పేర్లు చదివారు, ముగ్గురూ దొరికారు. కేబుల్ ఏదీ తెగలేదు.

ప్రొద్దుటూరు అన్నా, నా టెస్టర్‌లో 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా వెలుగుతాయి, ఏది వెలగకపోతే ఆ తీగ పోయినట్టు. అవతలి చివరకి పెట్టే ముక్క విడిగా వస్తుంది, డ్రమ్ము చుట్టి ఉండగానే చూసుకోవచ్చు. శనివారం పనేమీ లేదు, మీ డ్రమ్ములు బండిలో వేసుకుని కర్నూలు రండి, షెడ్డులో కూర్చుని అన్నీ చూసేద్దాం. పాత ప్లగ్గులు కోసేయడానికి కత్తెర, కొత్తవి ఒక డబ్బా నేను పెడతా.